ఖయామత్ సినిమా

భార్య నిద్ర లేచేసరికి భర్త ఉండడు. వాష్‌బేసిన్‌లో ఎలక్ట్రిక్ రేజర్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. లక్షలాది మంది ఒక్కసారిగా మాయమయ్యారని రేడియో చెబుతుంది. 1972లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో తీసిన ‘ఎ థీఫ్ ఇన్ ది నైట్’ సినిమాలో మంజర్ ఇది.

దర్శకుడు డొనాల్డ్ థాంప్సన్, నిర్మాత రసెల్ డౌటెన్. ఖర్చు దాదాపు 68 వేల డాలర్లు. పేరున్న తారలు లేరు. సినిమా హాళ్లను నమ్ముకోకుండా రీళ్లను చర్చి నుంచి చర్చికి తిప్పారు. తర్వాత మరో మూడు భాగాలు వచ్చాయి.

రాత్రివేళ దొంగలా ఆ దినం వస్తుందన్న పోలిక బైబిల్‌లో పౌలు లేఖలోది. ఖయామత్ అకస్మాత్తుగా వస్తుందని ఖుర్ఆన్ కూడా చెప్పింది. ఈసా అలైహిస్సలాం మళ్లీ వస్తారన్నది మన అఖీదాలోనూ ఉంది. కానీ విశ్వాసులను ముందే ఆకాశానికి ఎత్తుకుపోతారు, మిగిలినవాళ్లు ముసీబత్‌ల పాలవుతారన్న ఈ సినిమా కథకు మూలం 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ ప్రచారం చేసిన సిద్ధాంతం. కేథలిక్కులు దీన్ని ఒప్పుకోరు. అంటే ఇది క్రైస్తవులందరి యకీన్ కాదు.

సినిమా అసర్ మాత్రం గట్టిగానే పడింది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి, ఇంట్లో అమ్మ కనిపించకపోతే తమను వదిలేసి అందరూ వెళ్లిపోయారని వణికిపోయామని చెప్పిన అమెరికన్లు చాలామంది ఉన్నారు. దేవుడి మీద మొహబ్బత్ కన్నా ముందు ఖౌఫ్ పుట్టింది ఆ పిల్లల్లో.

మన తెలుగునేల మీద క్రైస్తవ సినిమా వేరే దారిలో నడిచింది. విజయచందర్ ‘కరుణామయుడు’ డబ్బుల తంగీతో ఏళ్ల తరబడి సాగింది. దర్శకుడు భీంసింగ్ 1978 జనవరిలో కన్నుమూశారు. సినిమా అదే ఏడాది చివర్లో విడుదలైంది. తర్వాత ప్రచార బృందాలు ప్రొజెక్టర్లు మోసుకుని ఊరూరా చూపించాయి. దాని పేరులోనే రహమ్ ఉంది.

ఆ సినిమాకు ఏడాది ముందే కృష్ణా డెల్టా నిజమైన ఖయామత్‌ను చూసింది. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. పదివేల మందికి పైగా చనిపోయారు. కైకలూరు అప్పుడు అదే కృష్ణా జిల్లాలో ఉండేది, 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. సముద్రం ఏ ఇంటినీ మజ్‌హబ్ అడగలేదు. బతికినవాళ్లకు కావలసింది ఆఖరి రోజుల లెక్కలు కావు. శవాలెత్తే చేతులు, గంజి పోసే చేతులు.

ఇదంతా పరాయి మతం ముచ్చట అనుకోకండి. దజ్జాల్ వచ్చేశాడంటూ, ఫలానా యుద్ధమే ఆఖరిదంటూ మన ఇళ్లలోని ఫోన్లలో వీడియోలు తిరగడం లేదా? అమ్మీలు, అబ్బాలు చూస్తుంటే పక్కన కూర్చున్న పిల్లలూ చూస్తున్నారు. అప్పుడు 68 వేల డాలర్లు కావలసి వచ్చింది. ఇప్పుడు ఒక ఫోన్ చాలు.

ఖయామత్ ఘడియ ఇల్మ్ అల్లాహ్ దగ్గరే ఉందని ఖుర్ఆన్ సాఫ్‌గా చెప్పింది. ఆ ఘడియ ఎప్పుడని ఒకాయన అడిగితే, దానికోసం ఏం తయారు చేసుకున్నావని ప్రవక్త (స) ఎదురు ప్రశ్న వేశారు. పిల్లలు దజ్జాల్ గురించి అడిగినప్పుడు తప్పించుకోవద్దు. ఉన్నది చెప్పండి, ఈ హదీస్ కూడా చెప్పండి. పొరుగింట్లో ఎవరైనా ఆకలితో ఉన్నారేమో చూసి రమ్మని పంపండి.