ఉప్పెన అందరికీ ఒకటేనా?

దివిసీమ మాట ఎత్తగానే మనమంతా గాలినీ సముద్రాన్నీ నిందిస్తాము. ప్రకృతి కోపానికి పేదా గొప్పా తేడా లేదంటాము. కృష్ణా డెల్టా చరిత్ర చూస్తే ఈ మాట సగమే నిజమని తెలుస్తుంది.

ఆ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకున్నది. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1855లో, బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలువ నీటితో వరి సాగు పెరిగింది, జనమూ పెరిగారు. భూమి గలవారు మెరక మీద గట్టి ఇళ్లు కట్టుకున్నారు. కూలీలకు, జాలరులకు మిగిలినవి కాలువ గట్లు, పోరంబోకులు, సముద్రపుటంచు.

1977 నవంబరు 19 శనివారం నాడు ఆ అంచుమీదనే నీరు లేచింది. అయిదారు మీటర్ల ఎత్తున వచ్చిన ఉప్పెన నాగాయలంక, కోడూరు ప్రాంతాలను ముంచివేసింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి పేర్లు దేశమంతటా వినిపించాయి. డాబా ఉంటే పైకి ఎక్కవచ్చు. తాటాకు గుడిసె ఎక్కడానికి పనికిరాదు, నిలవనూ నిలవదు.

నీరు తీసిన తరువాత రెండో కష్టం మొదలవుతుంది. పొలం ఉప్పుబారినా పట్టాదారుకు పరిహారం వస్తుంది, అప్పు పుడుతుంది. నోటిమాట మీద కౌలు చేసేవాడి వద్ద చూపడానికి కాగితం లేదు. కోతలు లేక కూలీకి పని లేదు. వల, పడవ పోయిన జాలరికి వడ్డీ వ్యాపారే దిక్కు. ఈ డెల్టాను ఏళ్ల తరబడి పరిశీలించి పీటర్ వించెస్టర్ 1992లో ఒక గ్రంథం వెలువరించారు. తుఫాను దెబ్బ ఎవరికెంత అన్నది గాలి వేగం కన్నా ఆస్తిపాస్తుల మీద, పలుకుబడి మీద ఎక్కువ ఆధారపడుతుందని ఆయన చూపారు.

అలాగని ఇది తలరాత కాదు. 1990 మే 9న అదే తీరాన్ని మరొక పెనుతుఫాను తాకింది. లక్షల ఇళ్లు దెబ్బతిన్నాయి. కాని ముందుగా హెచ్చరించి ఆరు లక్షల మందికి పైగా తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఆగింది. 1977 తరువాత కట్టిన తుఫాను షెల్టర్లు అక్కరకు వచ్చాయి. ప్రాణాలు దక్కాయి, బతుకుతెరువు మాత్రం మళ్లీ పోయింది.

దూరదేశాన ఉన్న మనం తుఫాను వార్త వినగానే చందాలు పోగుచేస్తాము. మంచిదే. డబ్బు పంపేటప్పుడు ఒక్క ప్రశ్న కూడా పంపుదాము: పట్టా లేనివాడికి ఇందులో ఎంత చేరుతుంది?