కోదాడ దారా, మిర్యాలగూడ దారా?

సూర్యాపేట. నవంబరు ఆదివారం, పొద్దున ఆరు. హైవే పక్కన టీ కొట్టు దగ్గర కారు ఆపారు. చేతిలో గ్లాసు కాలుతోంది. పిల్లలది ఒకటే పట్టు: "నీళ్ల నడుమ దీవికి పోదాం డాడీ!" సముద్రం మనకు దూరం. కానీ ఒక్కపూటలో చేరగల దీవులు కృష్ణలో రెండున్నాయి: కోదాడ మీదుగా వెళ్తే విజయవాడ భవానీ ద్వీపం, మిర్యాలగూడ మీదుగా వెళ్తే నాగార్జునకొండ. "ఏదో ఒకటి జల్ది తేల్చురా, ఎండెక్కుతది" అంటోంది వెనక సీట్లోంచి మీ అమ్మ.

ముందు కోదాడ దారి పట్టి చూడండి. 65వ నంబరు జాతీయ రహదారి మీద బండికి అడ్డే లేదు. కోదాడ దాటాక గరికపాడు దగ్గర రాష్ట్రం మారుతుంది. జగ్గయ్యపేట, నందిగామ వెనకబడతాయి. భవానీపురంలో పున్నమి ఘాట్ మెట్లు దిగితే నది మధ్యన పచ్చటి తోట కనిపిస్తుంది. 133 ఎకరాల దీవి అది. పడవెక్కే ముందు ప్రతి పిల్లాడి లైఫ్ జాకెట్‌నూ మీరే బిగించండి. 2017 నవంబరులో ఇక్కడికి దగ్గర్లోనే, ఇబ్రహీంపట్నం వద్ద పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు.

నిమిషాల్లో అవతల దిగుతారు. పిల్లలు ఊయలల వైపు పరుగు. చెట్ల నీడన చాప పరిస్తే పులిహోర డబ్బా తెరుచుకుంటుంది. దిగువన ఇంద్రకీలాద్రి, ప్రకాశం బ్యారేజీ. సాయంత్రం అమ్మవారి దర్శనం కూడా అయిపోతుంది, మీ అమ్మకు అంతకన్నా కావలసింది లేదు. కాకపోతే వరద వస్తే ఈ దీవికి దిక్కు లేదు. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినప్పుడు ఇదంతా నీళ్లలోనే ఉంది.

ఇప్పుడు రెండో దారి. మిర్యాలగూడ చేరేసరికి మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఉడికిన వడ్ల వాసన కారులోకి కొడుతుంది. హాలియా, పెద్దవూర దాటితే సాగర్. టికెట్ తీసుకుని లాంచీ ఎక్కుతారు. డ్యామ్ వెనక్కి జరిగేకొద్దీ చుట్టూ నీళ్లు, దూరంగా నల్లమల కొండలు. సుమారు గంట ప్రయాణం. పిల్లలకు మధ్యలో విసుగు పుడుతుంది. అప్పుడు చెప్పండి: ఈ నీళ్ల అడుగున ఒక రాజధాని ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోపు, 1960 దాకా పురావస్తు శాఖ వాళ్లు తవ్వుతూనే ఉన్నారు. దొరికిన కట్టడాల్లో ముఖ్యమైనవి కొన్నింటిని ఇటుక ఇటుకా తరలించి కొండ మీదా, ఒడ్డున అనుపులోనూ తిరిగి నిలబెట్టారు.

లాంచీ దిగుతారు. మీరు కాలు పెట్టింది మునిగిన లోయలో మిగిలిన కొండ నెత్తి మీద. మ్యూజియంలో లేతాకుపచ్చ పాలనాటి రాతిలో చెక్కిన బుద్ధుడి కథలు, నిలువెత్తును మించిన బుద్ధ విగ్రహం. ఇక్కడి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టిన దాత చాంతమూల మహారాజు తోబుట్టువు చాంతిసిరి. ఆ ఇక్ష్వాకుల శాసనమే మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీదా దొరికింది. ఇది మనకు పరాయి చరిత్ర కాదు.

చంటిపిల్లలుంటే, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లుంటే భవానీ ద్వీపమే సుఖం. బడికెళ్లే పిల్లలుంటే మాత్రం మొదటి ఓటు నాగార్జునకొండకే. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా పొలాలను తడిపే ఎడమ కాలువ నీళ్లు ఆ లోయను ముంచిన జలాశయంలోవే. మన కంచంలో అన్నానికి ఏ ఊరు మునిగిందో పిల్లలు ఒక్కసారైనా చూడాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. జలాశయంలో నీళ్లు తగ్గితే లాంచీ నడవదు. ముందు రోజే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.