అడ్తిదారే సరుకు కొంటే?

మార్కెట్ యార్డుల రైతుకు, వ్యాపారికి నడుమ అడ్తిదారు ఉన్నట్టే, హాలీవుడ్‌ల యాక్టర్‌కు, స్టూడియోకు నడుమ ఏజెంట్ ఉంటడు. బేరం జేస్తడు, నూటికి పది తీసుకుంటడు. ఈ పనిల లూ వాసర్‌మన్‌ను మించినోడు లేడని నేనంట.

అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌ల 1913ల పుట్టిండు. అమ్మానాన్న రష్యా నుంచి బతుకపోయిన యూదులు. చిన్నప్పుడు టాకీసుల సీట్లు చూపెట్టే పని చేసిండు. 1936ల, బ్యాండ్లకు ప్రోగ్రాములు కుదిర్చే ఎంసీఏ కంపెనీల చేరిండు. పదేండ్లకే దాని ప్రెసిడెంట్ అయిండు.

1950ల 'వించెస్టర్ 73' సినిమాకు జేమ్స్ స్టీవర్ట్ రేటు స్టూడియో ఇయ్యలేకపోయింది. వాసర్‌మన్ జీతం బదులు లాభంల వాటా రాయించిండు. సినిమా ఆడింది, స్టీవర్ట్‌కు పైసలు బాగొచ్చినయ్. కూలికి పోయేటోడు పాలుదారు అయినట్టే గదా!

కానీ 1952ల కథ తిరిగింది. టీవీ షోలు తీసుకోనీకి యాక్టర్ల యూనియన్ ఎంసీఏకు ప్రత్యేక పర్మిషన్ ఇచ్చింది. అప్పటి యూనియన్ ప్రెసిడెంట్ రోనాల్డ్ రీగన్, ఆయన గూడ ఎంసీఏ క్లయింటే. ఇగ యాక్టర్ తరఫున బేరం జేసేది వాళ్లే, జీతమిచ్చేది వాళ్లే. అడ్తిదారే మిర్చి కొంటే రైతు దిక్కు మాట్లాడేదెవరు?

1962ల అమెరికా సర్కారు కేసు వేసింది. వాసర్‌మన్ ఏజెన్సీని వదులుకొని, యూనివర్సల్ స్టూడియోను ఉంచుకున్నడు. 2002ల చనిపోయిండు.

యూట్యూబ్‌ల పాటలు పాడే తమ్ముండ్లు, చెల్లెండ్లు సంతకం పెట్టేముందు రెండు ముచ్చట్లు అడగాలె. నాకిచ్చేది కూలా, వాటానా? నా తరఫున మాట్లాడేటోడు ఎవరి పైసలు తింటున్నడు?