ఓటర్లు ఇచ్చిన సీటు: రష్ హోల్ట్ వయసు తగవు

వెస్ట్ వర్జీనియాలోని మన వెస్టన్ పేరెత్తితే బయటివాళ్లకు గుర్తొచ్చేవి రెండే: వెస్ట్ ఫోర్క్ నది ఒడ్డున ఇసుకరాయి చెక్కి కట్టిన పాత పిచ్చాసుపత్రి, ఊరికి ఉత్తరాన జాక్సన్స్ మిల్లులో పెరిగిన అంతర్యుద్ధ సేనాని స్టోన్‌వాల్ జాక్సన్. జాక్సన్ పుట్టింది క్లార్క్స్‌బర్గ్‌లో కాబట్టి ఆ పేరులో సగం పక్క ఊరివాళ్లే పట్టుకుపోతారు. 1905 జూన్ 19న ఈ ఊళ్లోనే పుట్టి, 29 ఏళ్లకే అమెరికా సెనేటుకు గెలిచిన రష్ డ్యూ హోల్ట్ మీద మనకెవరితోనూ పేచీ లేదు. అయినా ఆయన కథ సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. సెనేటులో అందరికంటే చిన్నవాడు మనవాడేనని ఊళ్లో గొప్పగా చెప్పుకుంటాం. బయట రాసేవాళ్లేమో, వయసు చాలక ఆరు నెలలు గుమ్మంలో నిలబడ్డ కుర్రాడిగా, లోపలికి వెళ్లగానే సొంత డెమొక్రాట్ పార్టీకి ఎదురుతిరిగిన వాడిగా ఆయన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఈ రెండూ సరికావు.

ముందు మన లెక్క చూసుకుందాం. టెన్నెసీ నుంచి జాన్ హెన్రీ ఈటన్ 1818లో సెనేటులో అడుగుపెట్టేనాటికి ఆయన వయసు 28. కెంటకీకి చెందిన హెన్రీ క్లే 1806లో 29 ఏళ్లకే అక్కడ కూర్చున్నారు. రాజ్యాంగం 30 ఏళ్లు నిండాలని చెప్పినా అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. కాబట్టి సెనేటులో కూర్చున్నవాళ్లలో అందరికంటే చిన్నవాడు హోల్ట్ అనడం చెల్లదు. అయితే ఈటన్‌నీ క్లేనీ పంపింది వాళ్ల రాష్ట్రాల శాసనసభలు. 1913లో 17వ సవరణ వచ్చాకే సెనేటర్లను జనం నేరుగా ఎన్నుకోవడం దేశమంతటా నియమమైంది. అలా జనం ఓట్లతో గెలిచినవాళ్లలో, గెలిచిన రోజుకున్న వయసు చూస్తే, హోల్టే అందరికంటే చిన్నవాడు. 1972లో 29 ఏళ్లకు గెలిచిన జో బైడెన్‌కు ఎన్నికైన రెండు వారాల్లోపే 30 నిండాయి. 1934 నవంబరులో గెలిచిన హోల్ట్‌కు 30 నిండటానికి ఇంకా ఏడు నెలలుంది. మనం నిలబెట్టుకోవలసిన మాట ఇదే: శాసనసభ్యులు కాదు, ఓటర్లే ఏరికోరి పంపిన పిన్న వయస్కుడు మన హోల్ట్.

ఆ ఓటు చెల్లదని వాదించింది ఓడిపోయిన హెన్రీ హ్యాట్‌ఫీల్డ్. సిట్టింగ్ సెనేటర్, మాజీ గవర్నర్, చిన్నవాడేం కాదు. 1935 జనవరి 3న పదవీకాలం మొదలైనప్పుడు హోల్ట్‌కు అర్హత లేదు కాబట్టి సీటు తనకే దక్కాలన్నారు. ఇక్కడ రాజ్యాంగంలోని ఆ ఒక్క వాక్యాన్ని దగ్గరగా చదవాలి. ఏ రాష్ట్రం నుంచి ఎన్నికవుతున్నారో అక్కడ నివాసి అయి ఉండాలన్న షరతుకు మాత్రమే 'ఎన్నికైనప్పుడు' అని గడువు పెట్టారు. వయసు షరతుకు అలాంటి గడువు లేదు. ఒకే వాక్యంలో ఒకచోట పెట్టి మరోచోట వదిలేసిన గడువును మనం చేర్చి చదవడం న్యాయం కాదు. ప్రమాణం చేసే రోజుకు 30 నిండితే చాలని సెనేటు తేల్చి, 1935 జూన్ 21న, అంటే పుట్టినరోజు వెళ్లిన రెండు రోజులకు, 62-17 ఓట్లతో హోల్ట్‌ను కూర్చోబెట్టింది. ఆ ఆరు నెలలూ వెస్ట్ వర్జీనియాకు సెనేటులో ఒకే గొంతు మిగిలిందన్న అభ్యంతరం నిజమే, చిన్నదీ కాదు. కానీ వయసు సంగతి దాచిపెట్టి గెలిచింది కాదు, తెలిసే ఓటేశారు. ఆ నష్టానికి మందు జనం వద్దన్న మనిషిని తెచ్చి కూర్చోబెట్టడం మాత్రం కాదు.

ఇక ఎదురుతిరిగాడన్న నింద. 1934లో హోల్ట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గాలిలో, గని కార్మిక సంఘం అండతో, సెనేటర్ మాథ్యూ నీలీ పక్షాన నిలబడి గెలిచిన మాట వాస్తవం. 1936కల్లా, ప్రభుత్వ ఉపాధి సంస్థ డబ్ల్యూపీఏ ఇచ్చే పనులు నీలీ మనుషులకే పంచిపెడుతున్నారని హోల్ట్ ఆ నీలీ మీదే విరుచుకుపడ్డారు. ఆ జూన్‌లో సంఘం కోరుకున్న గఫీ బొగ్గు బిల్లును గంటల తరబడి మాట్లాడి అడ్డుకున్నారు. ఇది నమ్మకద్రోహమని రాసేవాళ్లు సీటు నీలీదో సంఘానిదో అన్నట్టు మాట్లాడతారు. 1935లో సెనేటు తేల్చింది సరిగ్గా దానికి వ్యతిరేకం: సీటు ఇచ్చింది ఓటర్లు. ఇక ఉపాధి పనుల మీద ఆయన ఫిర్యాదును ఉత్త అక్కసు అని కొట్టిపారేయలేం. ప్రభుత్వోద్యోగులు ఎన్నికల రాజకీయాల్లో తలదూర్చకుండా 1939లో హ్యాచ్ చట్టం తేవలసి వచ్చిందంటే జబ్బు ఉన్నట్టేగా? అమెరికా యుద్ధంలోకి దిగకూడదన్న ఆయన వైఖరి కూడా పదవి కోసం పుట్టింది కాదు. తండ్రి డాక్టర్ మాథ్యూ హోల్ట్ మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఈ ఊళ్లోనే బాహాటంగా వ్యతిరేకించిన మనిషి.

అంతమాత్రాన హోల్ట్ ప్రతి అడుగునూ సమర్థించాలని కాదు. 1941లో, యుద్ధం వద్దన్న అమెరికా ఫస్ట్ సంఘం వేదికలెక్కి, హిట్లర్ ఐరోపాను మింగుతున్నా మనకెందుకన్నారు. అది తప్పని చరిత్ర తేల్చింది. అంతకు ముందే, 1940 ప్రైమరీలో, డెమొక్రాట్ ఓటర్లు ఆయన్ని పక్కనపెట్టి హార్లీ కిల్గోర్‌ను నిలబెట్టారు. నీలీ యంత్రాంగమే ఓడించిందని మనవాళ్లు కొందరు ఇప్పటికీ గొణుగుతారు. ఆ సాకు మనకొద్దు. 1934లో ఓటర్ల తీర్పే అంతిమమని హ్యాట్‌ఫీల్డ్‌కు జవాబు చెప్పినవాళ్లం, 1940లో అదే ఓటర్ల మాట కాదంటే మన వాదనకు కాళ్లుండవు. ఇచ్చిందీ వాళ్లే, తీసుకున్నదీ వాళ్లే. హోల్ట్ కథలో వెస్టన్ గర్వపడాల్సింది పుట్టినరోజు గురించి కాదు. ఓటరు పంపిన మనిషికి బదులు మరొకరిని కూర్చోబెట్టే హక్కు ఓడినవాడికి లేదని సెనేటు చేతనే చెప్పించిన తగవు మన ఊరి కుర్రాడిది. ఊరి చరిత్ర రాసేవాళ్లు ఆసుపత్రికీ జాక్సన్‌కీ ఇచ్చినన్ని పేజీలు దీనికీ ఇవ్వాలి, 1940తో సహా.