ముందు కార్డ్స్, తర్వాత స్కేల్స్

గిటార్ కొన్న కొత్తలో అందరి చేతికీ వచ్చేది ఒక బొమ్మ. ఆరు నిలువు గీతలు, నాలుగైదు అడ్డగీతలు, వాటి మీద నల్ల చుక్కలు. చుక్క ఉన్నచోట వేలు పెట్టి నొక్కి, కుడిచేత్తో మీటితే సీ మేజర్ అనే కార్డ్ పలుకుతుంది. అందులో ఏ స్వరాలున్నాయో, అవి కలిస్తే ఎందుకు ఇంపుగా ఉంటుందో తెలియకపోయినా పాటకు తోడు దొరికినట్టే. సంగీతం చదువుకున్నవాళ్లలో కొందరు దీన్ని అడ్డదారి అంటారు. నేను ఒప్పుకోను. గిటార్ కోసం రాసిన తొలి పాఠ్యపుస్తకాలు ఈ దారిలోనే నడిచాయి. స్వరాలను ఒక్కొక్కటిగా వాయించే స్కేల్స్ సాధన తర్వాత, వేరే వైపు నుంచి వచ్చి చేరింది.

కాటలోనియాకు చెందిన జువాన్ కార్లోస్ అమాత్ వృత్తిరీత్యా వైద్యుడు. ఆయన 1596లో స్పానిష్ గిటార్ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అప్పటి గిటార్‌కు ఆరు తీగలు లేవు. ఐదు వరసలు ఉండేవి, వరసకు సాధారణంగా రెండేసి తీగలు. అమాత్ పన్నెండు మేజర్, పన్నెండు మైనర్ కార్డ్స్‌కు వేళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పి, వాటికి 1 నుంచి 12 దాకా అంకెలు వేశాడు. మేజర్‌కు ఒక గుర్తు, మైనర్‌కు ఇంకొకటి. అంకెలు గుర్తుపెట్టుకున్నవాడు స్వరలిపి చదవడం రాకపోయినా వాయించగలడు, పాడేవాళ్ల గొంతును బట్టి పాటను శ్రుతి మార్చుకోగలడు. ఆ చిన్న పుస్తకం పద్దెనిమిదో శతాబ్దంలోనూ మళ్లీ మళ్లీ అచ్చయింది.

పదేళ్లకు, 1606లో, ఫ్లోరెన్స్‌లో జిరోలమో మాంటెసార్డో అంకెల బదులు అక్షరాలు వాడుతూ పుస్తకం వేశాడు. ఈ పద్ధతిని ఇటలీలో అల్ఫాబెతో అన్నారు. ఇందులో ‘ఏ’ అని రాస్తే ఇప్పటి ఏ మేజర్ కాదు, జీ మేజర్. ‘బీ’ అంటే సీ మేజర్, ‘సీ’ అంటే డీ మేజర్. ఆ అక్షరం స్వరం పేరు కాదు, చేతివేళ్ల అమరికకు పెట్టిన పేరు. ఒక గీత గీసి, దాని కింద గుర్తుంటే చెయ్యి కిందికి, పైన ఉంటే పైకి మీటాలని సూచించేవారు. స్ట్రమ్మింగ్ పాఠం అక్కడే ఉంది. తర్వాత వచ్చిన ఇటలీ పాటల పుస్తకాల్లో పదాల మీద ఈ అక్షరాలు అచ్చువేశారు. ఇవాళ మన కుర్రాళ్లు సినిమా పాట సాహిత్యం మీద కార్డ్స్ పేర్లు రాసుకుని వాయించేది అచ్చం అలాగే.

ఆ నాటి చేతి అమరికలు ఇప్పటికీ ఎందుకు పనికొస్తున్నాయంటే, శ్రుతి చేసే తీరు మారలేదు కనక. ఆ ఐదు వరసల మధ్య ఉన్న శ్రుతి తేడాయే ఇప్పటి ఏ, డీ, జీ, బీ, ఈ తీగల మధ్యా ఉంది. పక్కపక్క తీగలకు ఐదేసి ఫ్రెట్ల, అంటే మెట్ల, తేడా. జీకీ బీకీ మధ్య మాత్రం నాలుగే. అన్నిచోట్లా ఐదే ఉంటే స్కేల్ ఆకారం ఎక్కడ మొదలుపెట్టినా ఒక్కలాగే ఉండేది, కానీ ఎన్నో మామూలు కార్డ్స్ వేళ్లకు అందేవి కావు. తగ్గిన ఆ ఒక్క ఫ్రెట్ కార్డ్స్‌కు ఇచ్చిన సౌకర్యం. దానికి బదులుగా స్కేల్ వాయించేటప్పుడు బీ తీగ దగ్గరికి రాగానే వేళ్లు ఒక ఫ్రెట్ ముందుకు జరగాలి. కొత్తవాళ్లంతా తడబడే చోటు అదే. శ్రద్ధ తక్కువై అలా జరగదు, వాయిద్యమే అలా కట్టి ఉంది.

స్కేల్స్ వైపు కథ విహుయేలాతో మొదలవుతుంది. గిటార్ ఆకారంలోనే ఉన్నా అది దర్బారుల వాయిద్యం. లూయిస్ మిలాన్ 1536లో వెలెన్సియాలో అచ్చువేసిన ‘ఎల్ మాయెస్త్రో’లో తీగకో గీత, ఫ్రెట్‌కో అంకె. ఇవాళ అందరూ ట్యాబ్ అంటున్నది ఆ కుటుంబానిదే. పరుగులు తీసే స్వరాల వరసలు, ఒక్కో తీగను విడిగా మీటడం ఇటువైపు సంపద. 1674లో గాస్పర్ సాంజ్ తన పుస్తకంలో స్ట్రమ్మింగ్‌నూ ఈ మీటుడునూ ఒకేచోట నేర్పాడు.

అదే పదిహేడో శతాబ్దంలో తంజావూరు తెలుగు నాయకరాజుల కొలువులో వీణ మెట్ల సంగతి తేలుతోంది. 24 మెట్లు స్థిరంగా బిగించిన వీణను రఘునాథ నాయకుని పేరుతో చెబుతారు. ఆయన కొడుకు విజయరాఘవుని కాలంలో వేంకటమఖి 72 మేళాలను, అంటే రాగాలకు మూలమైన స్వరాల అమరికలను, లెక్కగట్టాడు. అమాత్ 24 కార్డ్స్ పట్టికకూ దీనికీ సంబంధం లేదు గానీ, పన్నెండు స్థానాల్లో ఏమేం సాధ్యమో మొత్తం తేల్చేయాలన్న పట్టుదల రెండుచోట్లా ఒకటే. మేజర్ స్కేల్ స్వరస్థానాలు మనకు ధీరశంకరాభరణం, హార్మోనిక్ మైనర్‌వి కీరవాణి. కర్ణాటక సంగీతం కొంత వచ్చినవాళ్లకు గిటార్ స్కేల్స్ సగం తెలిసినట్టే. కార్డ్స్ మాత్రం మొదటినుంచి నేర్చుకోవాలి.

పద్దెనిమిదో శతాబ్దం చివరికి జంట తీగలు పోయి ఆరు ఒంటి తీగలు వచ్చాయి. అప్పుడు సాధన పుస్తకాలు వెల్లువెత్తాయి. వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వియన్నాలో ఉన్న ఇటలీవాడు మావ్రో జూలియాని 1812లో వేసిన పుస్తకం. అందులో కుడిచేతికి 120 అభ్యాసాలు. ఎడమచేతికి మాత్రం రెండే కార్డ్స్: సీ మేజర్, జీ సెవెన్త్. ఎడమచెయ్యి దాదాపు నిలిచిపోతుంది కాబట్టి దృష్టంతా బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు ఏ క్రమంలో మీటాలన్న దానిమీదే ఉంటుంది. ఒక కష్టాన్ని విడదీసి, మిగతావన్నీ పక్కన పెట్టి సాధించడం ఎలాగో ఇంతకన్నా స్పష్టంగా చూపిన పుస్తకం నాకు కనబడలేదు.

కుడిచెయ్యి తీగను ఎలా మీటాలన్నదానిలో మాత్రం తేడాలుండేవి. పారిస్‌లో గిటారిస్టు ఫెర్నాండో సోర్ గోళ్లు వాడకుండా వాయించేవాడు, దియోనిసియో అగ్వాదో గోళ్లతో. ఇద్దరూ ఎవరి పద్ధతి వారు పుస్తకాల్లో రాసుకున్నారు, స్నేహితులుగానే ఉన్నారు. సోర్ తామిద్దరి కోసం ‘ఇద్దరు మిత్రులు’ అనే యుగళం కూడా కూర్చాడు.

ఇవాళ క్లాసికల్ గిటార్ విద్యార్థి చేసే స్కేల్స్ సాధనకు బాగా పేరు తెచ్చింది గిటారిస్టు ఆంద్రెస్ సెగోవియా 1953లో వేసిన కొద్ది పేజీల పుస్తకం. మేజర్, మైనర్ స్కేల్స్‌కు ఏ స్వరం ఏ తీగ మీద, ఏ వేలితో అన్నది తప్ప అందులో పెద్దగా ఏమీ లేదు. రోజుకు రెండు గంటలు స్కేల్స్ చేస్తే చేతి అమరికలో దోషాలు సర్దుకుంటాయని ముందుమాటలో రాశాడు. కుడిచేతికి ఏడు రకాల వేళ్ల జోడింపులు ఇచ్చాడు: చూపుడువేలు–నడిమివేలు, నడిమివేలు–ఉంగరపువేలు, ఇలా. ముందు నెమ్మదిగా, గట్టిగా, తర్వాత వేగం పెంచి మృదువుగా చేయమన్నాడు. రెండు గంటలు కుదరనివాళ్లు ఒక్క స్కేల్ తీసుకుని ఈ జోడింపుల్లో రెండు మార్చి మార్చి చేసినా ఉంగరపువేలి బలహీనత ఎక్కడుందో మొదటి వారంలోనే చెవికి తెలిసిపోతుంది.