ప్రార్థనామందిరమునుండి శాసనసభకు: టామీ డగ్లసు చరిత్రము

ధర్మమును బోధించువారు లోకమున పెక్కండ్రు కలరు. బోధించిన ధర్మమును శాసనమున కెక్కించి, దానికి జమాఖర్చులు కుదిర్చి నడిపినవారు అరుదు. కెనడా దేశపు టామీ డగ్లసు అట్టి అరుదైనవారిలో నొకడు.

ఆయన 1904 అక్టోబరు 20వ తేదీన స్కాట్లండులోని ఫాల్కర్కు పట్టణమున జన్మించి, బాల్యముననే తలిదండ్రులతో కెనడాలోని విన్నిపెగ్ నగరము చేరెను. మోకాలి యెముకకు వ్యాధి సోకి కాలు తీసివేయవలసిన స్థితి రాగా, ఒక శస్త్రవైద్యుడు తన విద్యార్థులకు బోధించు నిమిత్తము ఉచితముగా చికిత్స చేసి కాలు నిలిపెను. పేదబిడ్డ కాలు నిలుచుట ఒకరి దయపై నాధారపడరాదని డగ్లసు పిమ్మట పలుమార్లు చెప్పుచుండెను.

1930లో ఆయన సస్కాచెవాన్ రాష్ట్రమునందలి వేబర్న్ పట్టణమున బాప్టిస్టు సంఘమునకు పాదిరి యయ్యెను. అది ఆర్థికమాంద్యకాలము. అనావృష్టిచే గోధుమచేలు ఎండి రైతులు అప్పులపాలైరి. 1931లో సమీపమునందలి ఎస్టెవాన్‌లో పోలీసుల కాల్పులకు ముగ్గురు గనికార్మికులు బలియైరి. ఆకలిగొన్నవానికి ప్రసంగము చాలదని గ్రహించి, కర్షక కార్మికుల పక్షమగు సి.సి.ఎఫ్. తరఫున ఆయన 1935లో పార్లమెంటుకు ఎన్నికయ్యెను.

ఆయన చరిత్రమున ఒక మచ్చయు కలదు. బుద్ధిమాంద్యము కలవారికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని 1933 నాటి తన పరీక్షావ్యాసమున వ్రాసెను. అధికారమునకు వచ్చిన పిదప అట్టి సూచనలను త్రోసిపుచ్చెను.

1944 మొదలు 1961 వఱకు ఆయన సస్కాచెవాన్ ముఖ్యమంత్రి. 1947 జనవరి 1 నుండి ఆసుపత్రి బీమా అమలయ్యెను. చందా తలకు ఏటికి 5 డాలర్లు. లోటులేని బడ్జెట్లతో రాష్ట్రఋణమును తగ్గించుచునే ఆయన దీనిని నడిపెను. 1962 జూలై 1న వైద్యుల చికిత్సకును బీమా వర్తింపగా, వైద్యులు 23 దినములు సమ్మె చేసిరి. అప్పటి ముఖ్యమంత్రి వుడ్రో లాయిడ్ పట్టు విడువలేదు. ఆ యేడే డగ్లసు రెజైనాలో పార్లమెంటు ఎన్నికయందు ఓడిపోయెను. పథకము మాత్రము నిలిచెను. 1966లో దేశమంతటికి వైద్యబీమా చట్టము వచ్చెను.

1970లో క్విబెక్ తీవ్రవాదులు ఇరువురిని అపహరింపగా, ప్రభుత్వము యుద్ధకాలశాసనమును ప్రయోగించి వారెంటు లేకయే జనులను నిర్బంధించెను. ప్రజలలో అధికసంఖ్యాకులు హర్షించుచుండ, మరల పార్లమెంటు సభ్యుడై యున్న డగ్లసు సభలో లేచి, వేరుసెనగకాయను పగులగొట్టుటకు సమ్మెట యెత్తినట్లున్నదని నిర్భయముగా పలికెను.

ఆయన 1986 ఫిబ్రవరి 24న కీర్తిశేషుడయ్యెను. చదువరులు గమనింపదగిన దిది: ఒక వైద్యుని దయ ఒక బాలుని కాలిని నిలిపెను, ఆ బాలుడు పెద్దవాడై ఆ దయను అందఱికిని హక్కుగా చేసెను.