రాజశకటము – గనియంత్రము

ప్రాతవస్తువులయందు ప్రీతి మనుష్యునకు సహజము. కాని ప్రీతి వేరు, పోషణము వేరు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమునందలి పసుపుపచ్చని రోల్సురాయిసు బండియే యిందులకు నిదర్శనము. దానిని కోరి చేయించిన ఆరవ నిజాము మహబూబలీఖాను, బండి చేరకమునుపే 1911లో దివంగతుడయ్యెను. ఏడవ నిజాము కాలమున వచ్చిన యా సింహాసనశకటము ఊరేగింపులకు దక్క వెలికి రాక, కొలదిమైళ్లే నడచి, చిరకాలము మూలబడెను. పిదప నెంతో శ్రమతో పునరుద్ధరింపబడెను.

ఆ నిజాము ప్రభుత్వమే 1945లో సింగరేణి కంపెనీ వాటాలలో నధికభాగమును కొనెను. గనియంత్రమొక్కపూట యాగిన నష్టము తెలియును గనుక దానికి నూనెయు మరమ్మతును తప్పవు. రాజశకటమాగిన నడుగువాడెవడు?

మా గోదావరిఖనిలో అంబాసిడరును ముచ్చటపడి కొనగోరువారు దీనిని తలపోయవలెను. ఆ గుండ్రని యాకృతి, విశాలమైన సీట్లు, తండ్రులనాటి జ్ఞాపకములు మనోహరములే. కాని దాని తయారీ 2014లో నిలిచెను, విడిభాగములు దుర్లభములు, బొగ్గుధూళి నిత్యశత్రువు. ఏబదియేండ్లు దాటిన బండిని ప్రాచీనవాహనముగ నమోదు చేయించినచో, 2021 నాటి నిబంధనల ప్రకారము నిత్యప్రయాణమునకు వాడరాదు.

కావున కొనువాడు బండికంటె ముందు, దాని మర్మమెరిగిన మెకానిక్కును వెదకవలెను. ఆ చేతుల విలువ నెరుగనివానికి ప్రాతబండి యలంకారము గాదు, ఋణము.